ఇంజనుకు ముందు

మన పాఠశాల ఆవరణములో బాలుర వసతిగృహమునకు వెనుక, చింతచెట్టు ప్రక్కను రేకుల పాకలో నిలిచియున్న జీపును ఎరుగని విద్యార్థి లేడు. దాని ముందరి మూత యెత్తి చూచినవారికి, ఇంజను ఉండవలసిన చోట గాలికి కొట్టుకొనివచ్చిన చింతాకు తప్ప మరేమియు కనబడదు. చక్రముల లోపలి బ్రేకులు క్రొత్తవి, విద్యుత్తీగెలు క్రొత్తవి, పెట్రోలు తొట్టి క్రొత్తది, స్టీరింగు బిగువుగా నున్నది, బండిని కదలించునది మాత్రము లేదు. తొమ్మిదవ తరగతి బాలురు దీనికి నోవహు ఓడ యని పేరు పెట్టిరని నాకు తెలియును. నాకు తెలియదని వారి నమ్మకము. ఆదివారపు బడిలో ఆ ఓడ కథ వారికి చెప్పినవాడను నేనే గనుక కోపపడుటకు నాకు హక్కు లేదు.

మొన్న తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చిన ఒక పెద్దమనిషి ఆ పాకలోనికి తొంగిచూచి, "ఇంజను లేని బండికి ఇన్ని హంగులెందుకండీ, మాస్టారూ? ముందు ఇంజను చేయించుకుని, తిరుగుతూ తిరుగుతూ మిగిలినవి చూసుకోవచ్చు కదా" అని అడిగెను. 2023వ సంవత్సరము ఏప్రిలు నెలలో నేనును సరిగా ఈ మాటలే అంటిని. అపుడు నాకు లభించిన ప్రత్యుత్తరము చాల దుబారా గలది. ఆ పెద్దమనిషికి నిలువుకాళ్ల మీద చెప్పజాలక ఈ పత్రికాముఖమున చెప్పుచున్నాను.

ముందుగా బండి సంగతి. ఇది మహీంద్రావారు మన దేశమున తయారుచేసిన సి.జె.3బి. అను రకమునకు చెందిన జీపు. అమెరికాలో విల్లీసు కంపెనీవారు 1953లో ఈ రకమును వెలువరించిరి. అక్కడ దీనిని మానివేసిన పిమ్మటను మన దేశమున చాలకాలము తయారగుచు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధమునాటి జీపును దీనిని ప్రక్కప్రక్కల నిలిపిన మొట్టమొదట కంటబడు భేదము ముందరి మూత ఎత్తు. యుద్ధకాలపు ఇంజనులో కవాటములన్నియు సిలిండర్ల ప్రక్కను దిమ్మెలోనే యుండెడివి. దీనిలో గాలిని లోనికి గైకొను కవాటములను పై మూతలోనికి మార్చి, పొగను వెడలించు కవాటములను దిమ్మెలోనే యుంచిరి. అందుచే ఇంజను పొడవైనది; ఇంజనుతో పాటు దాని టోపీయు పొడవైనది. సిలిండరు అడ్డుకొలత 3⅛ అంగుళములు, పిస్టను నడక 4⅜ అంగుళములు. ఈ రెండు కొలతలును యుద్ధకాలపు దానివే. నాలుగు సిలిండర్లకు కలిపి సుమారు 2.2 లీటర్లగును. స్తూపము ఘనపరిమాణమును కట్టు సూత్రమును మరచిపోని పదవ తరగతివారు తామే లెక్క చేసి సరిచూచుకొనవచ్చును. మరచినవారు నాయొద్దకు రావలెను.

ఈ బండిని నేను 2011లో ఒక తోట యజమాని యొద్ద కొంటిని. రంపచోడవరము దాటి మారేడుమిల్లి మీదుగా పోవు ఘాటుబాటను తారు వేసిన మార్గమున బస్సులు నడచును గాని, ఆ బాటనుండి చీలి కొండలలోనికి పోవు మట్టిదారులు వేరు. అచ్చటి కొండరెడ్ల పిల్లలును కోయ పిల్లలును మన వసతిగృహమున నున్నారు. జూను మాసమున వారిని తెచ్చుట, క్రిస్మసునకు దింపుట, మరల తెచ్చుట, నడుమ ఎవరికేని జ్వరము వచ్చిన కబురుతో తల్లిని తోడ్కొని వచ్చుట: ఇవియే దీని పనులు. నాలుగు చక్రములకును ఇంజను బలము నందీయగల బండి కాకున్న ఆ దారులలో తొలి వాన పడిన పిమ్మట సాగదు.

పండ్రెండేండ్లు ఇట్లు సాగెను. అటుపై ఇంజను నీరసించెను. వెనుక గొట్టమునుండి నీలిపొగ వెడలుచుండెను. నూరు కిలోమీటర్లకు ఒక లీటరు నూనె పోయవలసివచ్చెను. ఆరుగురు కూర్చున్నచో ఘాటు నెక్కుటకు మొదటి గేరే శరణ్యమయ్యెను. వెనుక బస్సువాడు కొట్టు హారను నాకు అవమానముగా నుండెను. బండిలో బాలురు ముందుకు వంగి, తాము వంగుటచే బండి సులువుగా ఎక్కునన్నట్లు ఊగుచుండెడివారు. మూడు సంవత్సరములు కూడబెట్టి డెబ్బదివేల రూపాయలు చేర్చుకొని, మా ఊరి పాత మేస్త్రీ యొద్దకు వెళ్లితిని. జీపుల పనిలో అతని చేయి పడని భాగము లేదు. చదువు ఐదవ తరగతి. మా తండ్రిగారి నాటినుండి ఎరిగినవాడు.

అతడు నాలుగు సిలిండర్ల ఒత్తిడిని గడియారము పెట్టి చూచెను. మూడవ సిలిండరు ఒత్తిడి తక్కిన వాటికంటె మూడవ వంతు తక్కువ. "బోరింగు చేయాలి, పిస్టన్లు మార్చాలి, అందులో అనుమానం లేదు" అనెను. నేను రూపాయలు తీయబోతిని. అతడు చేయి అడ్డము పెట్టి, బండి క్రిందికి దూరి, పావుగంటసేపు అచ్చట పండుకొనియే మాటలాడెను. బ్రేకు గొట్టము వెనుక హౌసింగు మీద తుప్పుపట్టి యున్నదట. గేరుబాక్సు వెనుకనున్న నాలుగు చక్రముల పెట్టెనుండి నూనె కారి హ్యాండు బ్రేకు డ్రమ్ములోనికి దిగుచున్నదట. స్టీరింగు పావుచుట్టు త్రిప్పినను చక్రము కదలుట లేదట. రేడియేటరు సగము పూడినదట.

"ముందు ఇవన్నీ చేద్దాం. ఇంజను ఆఖరుకి" అని అతడు వెలుపలికి వచ్చెను.

నేను వాదించితిని. నా వాదము తెలివితక్కువది కాదని ఇప్పటికిని నా అభిప్రాయము. అందుచే దానిని వ్రాయుచున్నాను. పల్లమున దిగునప్పుడు గేరులో నున్న ఇంజనే బండిని పట్టి వెనుకకు లాగును. సిలిండర్లరిగినకొలది ఆ పట్టు తగ్గును. కనుక ఇంజను బాగుచేయించుటయే బ్రేకులను బాగుచేయించుటలో సగము గదా యంటిని. మేస్త్రీ కొంచెము సేపు ఊరకుండి ఇట్లనెను: "ఇంజను పట్టు చక్రం దాకా ఎలా పోతుందండీ? క్లచ్చిలోంచి, గేరుబాక్సులోంచి, షాఫ్టులోంచి, క్రాసుల్లోంచి, హౌసింగులోంచి. ఇన్నిట్లో ఏది గట్టిగా ఉందో మీరే చెప్పండి. ఇంకో మాట. ఇప్పుడు మీ ఇంజను ముసలిది. దానితో పాటు బండంతా ముసలిది. ముసలి ఇంజను మెల్లగా పోతుంది కాబట్టి మిగతా ముసలివన్నీ బతుకుతున్నాయి. పాతికేళ్ల కుర్రాణ్ణి తెచ్చి ఆ ముసలోళ్ల మధ్య కూర్చోపెడతానంటారు మీరు."

నేను నవ్వితిని. జూనులో పిల్లలను తెచ్చుట యయిన పిమ్మట దసరా సెలవులలో ఇంజను చేయింతుననియు, తక్కినవి మరు సంవత్సరము చూచుకొందుననియు నిర్ణయించి వచ్చితిని. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి సూత్రము తెలిసిన దానినుండి తెలియని దానికి పోవలెనన్నది. పునాది చూడక పై పాఠము చెప్పరాదన్నది. ఆ సూత్రమును ఇరువది యేండ్లుగా ఇతర ఉపాధ్యాయులకు చెప్పుచున్నవాడను. భిన్నములు రాని బాలుని బీజగణితములోనికి నెట్టినచో ఏమగునో నాకు తెలియును. ఒకనిని నెట్టితిని కూడ. వాడు మరుసటి యేడు బడి మానెను. ఆ జ్ఞాపకము మేస్త్రీ యెదుట నిలుచున్నప్పుడు నాకు రాలేదు.

2023 జూను రెండవ వారమున, మారేడుమిల్లి కావలి ఒక పల్లె నుండి ఐదుగురు విద్యార్థులను, ఒక తల్లిని, మూడు ట్రంకు పెట్టెలను ఎక్కించుకొని దిగుచుంటిని. రాత్రి వాన కురిసి వెలిసెను. దారి ఎఱ్ఱమట్టిది, ఎడమ ప్రక్క కొండ, కుడి ప్రక్క లోయ. లోయ యనిన పాతాళము కాదు, వెదురు పొదలతో నిండిన ఏటవాలు. అయినను జీపు దొర్లిన ఆగునది కాదు. రెండవ గేరులో దిగుచు ఒక మలుపునకు ముందు బ్రేకు నొక్కితిని. కాలు నేలకు తగిలెను. మరల నొక్కితిని. ఏమియు లేదు.

ఈ జీపులలో కాలి బ్రేకునకు నూనె దారి ఒకటియే. నాలుగు చక్రములకును అదే నూనె పోవును. గొట్టము ఎచ్చట పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కమారే పోవును. మేస్త్రీ చూపిన ఆ హౌసింగు మీది తుప్పుగొట్టమే పగిలినదని తరువాత తెలిసినది. హ్యాండు బ్రేకు లాగితిని. అది చక్రములలో నుండదు. నాలుగు చక్రముల పెట్టె వెనుక, షాఫ్టు మొదట ఒక చిన్న డ్రమ్ముగా నుండును. నూనెలో నానిన ఆ డ్రమ్ము సబ్బుబిళ్లవలె జారెను. మొదటి గేరు వేయబోతిని. ఈ గేరుబాక్సులో రెండవ మూడవ గేర్లకు తప్ప మొదటి గేరునకు వేగమును సమానపరచు అమరిక లేదు గనుక, పరుగు మీద అది పడదు, గరగరమని మొత్తుకొనెను. ఉన్న గేరును కూడ పోగొట్టుకొంటిని. అపుడు నన్నును వారినిని పట్టి యుంచునది ఏదియు లేకపోయెను.

"గట్టిగా పట్టుకోండి" అని అరచి, ఎడమకు, కొండ వైపునకు త్రిప్పితిని. పావుచుట్టు త్రిప్పువరకు చక్రములు కదలలేదు. ఆ పావుచుట్టు ఎంత పొడవైనదో నేను వర్ణింపజాలను. పిదప కదలెను. బండి ఎడమ ముందు చక్రముతో మట్టిగట్టును తాకి, ఎక్కి, ఒరిగి, నిలిచెను.

దేవుని కృపచే ప్రాణములు దక్కెను. ఏడవ తరగతి బాలుడొకడు ట్రంకుపెట్టె మీద పడి ఎడమ మణికట్టు ఎముక విరుగగొట్టుకొనెను. రంపచోడవరములో కట్టు కట్టించితిమి. మూడవ నాడు వాని తండ్రి వచ్చెను. తెల్లవారకముందే నడక సాగించి, పిదప బస్సు పట్టుకొని వచ్చినవాడు. నేను తల యెత్తలేక నిలుచుంటిని. అతడు కుమారుని చేయి చూచెను, తల నిమిరెను, పిమ్మట నావైపు తిరిగి, "బండికేమీ కాలేదు గదా, అయ్యగారూ?" అని అడిగెను. అతడు మర్యాదకే అడిగెను. ఎత్తిపొడుపు అతని మనస్సులో లేదు. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

మేస్త్రీ బండిని కట్టి తెచ్చునప్పుడు నేను చెప్పితినిగదా యనలేదు. ఒక్కమాట మాత్రము అనెను: "ఎంత వేగం మీద ఉన్నారు?" ఇరువదికి మించదంటిని. "కొత్త ఇంజనుంటే ముప్పై అయినా ఉండేది" అనెను. వేగము రెండింతలైన చలనశక్తి నాలుగింతలగునని తరగతిలో చెప్పువాడను నేను. ఇరువది ముప్పదియైన, రెండింతలకు పైగా నగును. మట్టిగట్టు ఓర్చునది ఇరువదిని మాత్రమే.

ఆ డెబ్బదివేలను అతని చేతిలో పెట్టి, ఇంజను మాట ఎత్తనంటిని.

మొదటి పని బ్రేకులు. దీని గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. ఏలయన నా విద్యార్థులలో మోటారుబండి నడుపువారందరును బండి ఎంత పోవునని అడుగుదురే గాని ఎట్లు నిలుచునని అడుగరు. బండి, మనుష్యులు, పెట్టెలు కలసి 1,500 కిలోలని యెంచుడు. అది 100 మీటర్ల యెత్తు దిగినప్పుడు విడుదలయగు శక్తి సుమారు 14.7 లక్షల జౌళ్లు. ఆ శక్తి ఎక్కడికో పోవలెను. ఇంజను పట్టుకొనునది కొంత పోను తక్కినదంతయు బ్రేకు డ్రమ్ములలో వేడిగా మారును. అంతటి వేడి ఐదు లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగువరకు కాచుటకు చాలును. మారేడుమిల్లి ఘాటు దిగుట 100 మీటర్లతో తీరునది కాదు. ఇక బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. మూడవ తరగతి నూనె క్రొత్తగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల వరకు మరుగక యుండవలెనని నిబంధన. తేమ చేరిన పిదప ఆ హద్దు 140కి దిగును. మరిగిన నూనెలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నలుగదు, ఆవిరి నలుగును. కాలు నేలకు తగులును. నా నూనె ఎన్నటిదో నాకే తెలియదు. కొన్న తరువాత మార్చినట్లు జ్ఞాపకము లేదు.

పాత డ్రమ్ములు 9 అంగుళములవి. తరువాతి జీపులకు వచ్చిన 11 అంగుళముల డ్రమ్ములను మేస్త్రీ సంపాదించి తెచ్చెను. డ్రమ్ము పెద్దదైనకొలది అంచు ఇరుసునకు దూరమగును. అదే ఒత్తిడికి నిలుపుదల బలము ఐదవ వంతుకు పైగా పెరుగును. వేడిని పుచ్చుకొను లోహమును అధికము. కాలి క్రింద రెండు గదుల మాస్టరు సిలిండరు వేసి, ముందరి చక్రములకు ఒక దారి, వెనుక చక్రములకు ఒక దారి యేర్పరచితిమి. ఇపుడు ఒకటి పగిలినను రెండవది మిగులును. గొట్టములన్నియు క్రొత్తవి. హ్యాండు బ్రేకును నూనెలో ముంచిన ఆ సీలు మార్చుటకు పెట్టె విప్పవలసివచ్చెను గాని, సీలు వెల ఒక పూట భోజనమునకు చాలదు.

గొట్టములలోని గాలిని తీయుటకు ఒకరు లోపల కూర్చుండి కాలితో నొక్కవలెను, ఒకరు చక్రము వద్ద మర త్రిప్పవలెను. ఆ ఆదివారము కాని సెలవుదినమున వసతిగృహమున మిగిలినవాడు, కట్టు విప్పించుకొని నెలలు గడచిన ఆ బాలుడే. "నేను తొక్కుతానండీ" అని తానే వచ్చెను. వద్దనుటకు నాకు నోరాడలేదు. మేస్త్రీ "పట్టు" అనును, వాడు పట్టును. "వదులు" అనును, వదులును. నాలుగు చక్రములును ముగియుసరికి సాయంకాలమయ్యెను. చివర వాడు రెండు కాళ్లతోను నిలుచుండి తొక్కి, "కిందికి పోవడంలేదండీ" అనెను.

స్టీరింగు పని అంత కథ గలది కాదు. పెట్టెలోని కీలు, నడుమనున్న తిరుగుడు కొయ్య, ముందు ఇరుసు చివరల కీలు బేరింగులు: అన్నిట కొంచెము కొంచెముగా చేరిన వదులే ఆ పావుచుట్టు అయినది. షాఫ్టు క్రాసులు, కమాను పట్టీల బుష్షులు, క్లచ్చిప్లేటు కూడ అదే సంవత్సరమున మారెను. తీగెల పని మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు ఉచితముగా చేసిపెట్టెను.

కాని గాలి డబ్బా విప్పిన నాటి సంగతి చెప్పక విడువరాదు. ఈ ఇంజను పీల్చు గాలి నూనె గల యొక డబ్బాలోనుండి వచ్చును. దుమ్ము నూనెలో చిక్కుకొని గాలి శుభ్రమై లోనికి పోవును. అచ్చటినుండి కార్బురేటరునకు ఒక రబ్బరు గొట్టము కలదు. పండ్రెండేండ్లుగా నేను డబ్బాలో నూనె తప్పక మార్చితిని. అందు నాకు కొంత గర్వమును కలదు. మేస్త్రీ ఆ రబ్బరు గొట్టమును ఊడదీసి, తలక్రిందులు చేసి, నా ముందుంచెను. అడుగువైపున, పైనుండి చూచినవారికి కనబడనిచోట, వ్రేలు పట్టునంత చీలిక. కార్బురేటరు కంఠములో వ్రేలు పెట్టి తీసెను, వ్రేలికి ఎఱ్ఱమట్టి. కొండదారుల దుమ్మంతయు ఆ చీలిక త్రోవను సిలిండర్లలోనికి పోయి, పిస్టను రింగుల నడుమ ఆకురాయివలె ఆడి, ఇంజనును అరగదీసినది. నూనె డబ్బా వట్టి అలంకారము.

"ఇంజను ముందు చేసుంటే?" అని నేనే అడిగితిని.

"ఏడాది" అనెను మేస్త్రీ. "ఏడాదిలో మళ్లీ ఇదే పొగ. అప్పుడు నన్ను తిట్టేవారు."

నీటి సంగతియు అట్టిదే. రేడియేటరు పై తొట్టి కోసి చూడగా సగము గొట్టములు బోరునీటి సున్నముచే పూడి యున్నవి. ఇంజను కాల్చు పెట్రోలు వేడిలో మూడవ వంతుకు దగ్గర దగ్గరగా ఈ నీటిగుండనే బయటికి పోవలెను. నీరసపు ఇంజను తక్కువ కాల్చుటచే సగము రేడియేటరుతో బ్రదికెను. బలము పెరిగినచో వేడియు పెరుగును, పోవుటకు దారి మాత్రము సగమే. మరియొక చిత్రమేమనగా, నీరు తగిన వేడికి వచ్చువరకు దారి మూసియుంచు కవాటమును పూర్వపు యజమాని, ఇంజను చల్లగా నుండునని కాబోలు, తీసి పారవేసెను. చలువ మంచిదే యనుకొందుము. కాని చల్లని సిలిండరు గోడల మీద పెట్రోలు సరిగా ఆవిరికాక, నూనె పొరను కడిగివేయును, అరుగుదల హెచ్చును. దానిని తిరిగి పెట్టించితిమి. ఎక్కువ వరుసల రేడియేటరు వేసితిమి. మేస్త్రీ ఇకమీదట శుభ్రమైన నీరు, దానితో తుప్పుపట్టనీయని మందు తప్ప పోయరాదని నాచేత మాట తీసికొనెను. డ్రైవరు ఆసనము క్రిందనే యుండు పెట్రోలు తొట్టిని కూడ తుప్పు కారణముగా మార్చితిమి. నేను ఆ తొట్టిమీద కూర్చుండి పండ్రెండేండ్లు పాటలు పాడుచు బండి నడిపితిని గదా యని తలచిన ఇప్పుడు ఒడలు జలదరించును.

ఈ పనులన్నియు పాత ఇంజనుతోనే పరీక్షించితిమి. ఇది మేస్త్రీ పట్టుదల. క్రొత్త ఇంజను, క్రొత్త బ్రేకు, క్రొత్త రేడియేటరు ఒకే దినమున వేసి బయలుదేరినచో, దారిలో ఏదేని తప్పు కనబడినప్పుడు అది దేనిదో తెలియదట. ఒకటి మార్చి, తక్కినవి మార్చక చూడవలెననుట మన విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల గోడమీద వ్రాసియున్న మాటయే. ఐదవ తరగతి చదివినవాడు దానిని ఎచ్చట నేర్చెనో. నీలిపొగ విడుచుచు, మారేడుమిల్లి వరకు మూడు మారులు ఖాళీ బండిని ఎక్కించి దింపితిమి. నాలుగవ మారు ఇసుకబస్తాలు వేసితిమి. పిల్లలను ఎక్కించలేదు.

కొందరు మిత్రులు ఈ శ్రమయంతయు మాని, డీజిలు ఇంజను నొకదానిని తెచ్చి పెట్టుమని చెప్పిరి. మోటారు వాహనముల చట్టము 1988లోని 52వ సెక్షను ప్రకారము బండి స్వరూపమును మార్చుటకు హద్దులు గలవు; వేరొక ఇంజను వేయుటకు అనుమతి పొంది పుస్తకములో వ్రాయించుకొనవలెను. నాకు కాగితములనిన భయము లేదు. పాఠశాలలో ఇరువదియేండ్లుగా వానితోనే కాలక్షేపము. కాని బరువైన ఇంజను వేసినచో ముందరి కమానులనుండి గేరుబాక్సు వరకు మరల మొదటికి వచ్చును. నా యోపిక చాలును, ఆయువు చాలదు. పాత ఇంజనునే బాగుచేయించుటకు నిశ్చయించితిని.

డెబ్బదివేలు బ్రేకులతోను స్టీరింగుతోను సగము చెల్లెను. తక్కినదియు ఆనవాలు లేకపోయెను. ఇంజను కొరకు మరల మొదటినుండి కూడబెట్టవలసివచ్చెను. రెండు సంవత్సరములు పిల్లలను బస్సులోను, బస్సు పోనిచోట నడకతోను తెచ్చితిమి. నోవహు ఓడ యను పేరు అప్పుడు పుట్టినదే.

2025 దసరా సెలవులలో ఇంజను దించి, దిమ్మెను రాజమండ్రిలో లేతు పనివాని యొద్దకు కొనిపోయితిమి. ఇప్పుడు తొమ్మిదవ తరగతికి వచ్చిన ఆ బాలుడు వెంట వచ్చెను. లేతు పనివాడు సిలిండరులో కొలత గడియారము దింపి చూపెను. పైభాగమున, రింగులు తాకని చోట అసలు కొలత నిలిచియున్నది. దాని క్రిందినుండి గోడ అరిగి, నడుమ ఒక మెట్టు ఏర్పడినది. "వేలు పెట్టి చూడు" అని వానితో అనెను. వాడు ఎడమచేతి గోరుతో మెల్లగా రాచి, "ఇక్కడ తగులుతోందండీ" అనెను. మూడవ సిలిండరులో ఆ మెట్టు అన్నిటికంటె లోతు. 40 వేయవ వంతుల అంగుళము పెంచి తొలిచినగాని గోడ శుభ్రము కాదని పనివాడు చెప్పెను. ఆ కొలత పిస్టన్లకు బయానా ఇచ్చి వచ్చితిమి. అవి ఇంకను రాలేదు.

ఆ బాలునికి ఒక చెల్లెలు కలదు. రాబోవు జూనునాటికి ఆరవ తరగతిలో చేరవలెను. క్రిస్మసు సెలవులకు ఇంటికి పోయి వచ్చినవాడు తండ్రి చెప్పిన కబురు తెచ్చెను. బండి సిద్ధమైనచో బండిలోనే పంపుననియు, లేకున్న బస్సులో తానే తీసికొనివచ్చుననియు, ఏది యైనదియు తనకు ముందుగా తెలియజేయవలెననియు.